మైనంపై మిగిలిన స్వదేశీ గళం: హెచ్. బోస్ రికార్డుల కథ

ఖరగ్‌పూర్: పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం శివార్లలో ఉన్న పారిశ్రామిక వాడకు ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పేరు పెట్టారు. సంస్కృత పండితుని పేరు, వితంతు వివాహాల కోసం పోరాడిన సంస్కర్త పేరు యంత్రాగారాల ముంగిట కనిపించడం కొత్తవారికి వింతగా తోచవచ్చు. నిజానికి అందులో వింత ఏమీ లేదు. ఇదే మేదినీపూర్ ప్రాంతంలోని బీర్‌సింగ గ్రామంలో 1820లో పుట్టిన విద్యాసాగరుడు 1847 నాటికే కలకత్తాలో మిత్రునితో కలిసి సంస్కృత ముద్రణాలయాన్ని, పుస్తకాల విక్రయశాలను నడిపాడు. తాను రాసిన వాచకాలను తానే అచ్చువేసి, తానే అమ్మించాడు. విద్య, వ్యాపారం, సంఘసేవ ఒకే చేతి మీదుగా సాగడం ఆనాటి వంగదేశంలో అరుదైన విషయం కాదు.

ఆ తరహా మనుషుల్లో తరువాతి తరానికి చెందినవాడు హేమేంద్రమోహన్ బోస్. వ్యాపార ప్రపంచంలో హెచ్. బోస్ అన్న పొట్టి పేరుతోనే ప్రసిద్ధుడు. తలనూనె అమ్మాడు, అత్తరు అమ్మాడు, సైకిళ్లు అమ్మాడు, పుస్తకాలు అచ్చువేశాడు. అన్నిటికీ మించి, భారతీయుల పాటను భారతీయుడే యంత్రంలో బంధించి, తన పేరుతోనే అంగట్లో పెట్టవచ్చునని తొలిగా నిరూపించినవారిలో ఆయన ముఖ్యుడు. విదేశీ సంస్థలు ఏలుతున్న ధ్వనిముద్రణ రంగంలో ఆయన నడిపిన చిన్న స్వతంత్ర రికార్డు సంస్థ పట్టుమని పదేళ్లు కూడా నిలవలేదు. కానీ రవీంద్రనాథ్ ఠాగూర్ నడివయసు కంఠం ఈనాడు మన చెవిన పడుతున్నదంటే అందుకు ఆ సంస్థే కారణం.

హేమేంద్రమోహనుడు 1860వ దశకం మధ్యలో తూర్పు బెంగాల్‌లోని మైమెన్‌సింగ్ జిల్లా జయసిద్ధి గ్రామానికి చెందిన బోస్ కుటుంబంలో జన్మించాడు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. ఆ ఇంటికి అప్పటికే పెద్ద పేరు తెచ్చినవాడు ఆయన పినతండ్రి ఆనందమోహన్ బోస్. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గణిత పరీక్షలో రాంగ్లర్‌గా నిలిచిన తొలి భారతీయుడు ఆయనే. సాధారణ బ్రహ్మ సమాజ స్థాపకుల్లో ఒకడు, 1898లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడు. ఇటువంటి ఇంటి పిల్లవాడు వైద్యుడో, న్యాయవాదో, కాదంటే ప్రభుత్వోద్యోగో కావాలని లోకం ఆశిస్తుంది. హేమేంద్రుడు కూడా ఆ దారినే పట్టి కలకత్తా వైద్య కళాశాలలో చేరాడు.

అక్కడే దారి మళ్లింది. ప్రయోగశాలలో పనిచేస్తుండగా ఆమ్లం చిమ్మి కళ్లకు గాయమైంది. నెలల తరబడి మంచం పట్టాడు. చూపు దక్కింది గాని చదువు సాగలేదు. చేతికందిన రసాయన శాస్త్ర పరిజ్ఞానం మాత్రం మిగిలింది. దానితో ఆయన చేపట్టిన పని విద్యావంతుల కుటుంబాలు ఆనాడు చిన్నచూపు చూసినదే: పరిమళ ద్రవ్యాల తయారీ.

1890 ప్రాంతంలో ఆయన కుంతలీన్ అనే తలనూనెను బజారులో పెట్టాడు. కుంతలం అంటే కురులని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ వెనుకనే దిల్‌ఖోష్ అనే అత్తరు, తాంబూలంలో వేసుకునేందుకు తాంబూలీన్ అనే సుగంధ ద్రవ్యం వచ్చాయి. పేర్లు పెట్టడంలోనే ఆయన వ్యాపార మర్మం తెలుస్తుంది. మొదటిది సంస్కృత శబ్దానికి ఇంగ్లీషు మందుల పేర్ల తోక తగిలించినది, రెండవది పారసీక మాట. విలాయతీ సీసాకు అలవాటుపడిన పట్టణవాసి చేత దేశీ సరుకు కొనిపించాలంటే రెండు ప్రపంచాలకూ కాళ్లు చాపి నిలబడాలని ఆయన గ్రహించాడు.

ప్రకటనల విషయంలో ఆయన చేసిన ప్రయోగం మరింత విశేషమైనది. 1896లో కుంతలీన్ పురస్కారం పేరిట కథల పోటీని ప్రారంభించాడు. నియమం ఒక్కటే: కథలో ఎక్కడో ఒకచోట కుంతలీన్, దిల్‌ఖోష్ పేర్లు రావాలి, కానీ అది ప్రకటనలా కనిపించకూడదు. మొదటి ఏడాది ప్రథమ బహుమతి పొందిన కథకు రచయిత పేరు లేదు. సముద్రంలో ముంచుకొస్తున్న తుపానును ఒక సీసా తలనూనె గుమ్మరించి శాంతింపజేసే ఆ కథను రాసినవాడు భౌతిక శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్. బెంగాలీ భాషలో వచ్చిన తొలి వైజ్ఞానిక కల్పనా కథల్లో దానికి స్థానం ఉంది. తరువాత చాలా ఏళ్లకు దాన్ని ఆయనే పెంచి రాసి తన వ్యాస సంపుటిలో చేర్చుకున్నాడు.

1903లో అదే పురస్కారం మందిర్ అనే కథకు దక్కింది. దానిపై సురేంద్రనాథ్ గంగోపాధ్యాయ అన్న పేరుంది. అసలు రచయిత ఆయన మేనల్లుడు, బతుకుతెరువు కోసం బర్మాకు బయలుదేరుతున్న ఒక నిరుపేద యువకుడు. ఆ యువకుడే శరత్ చంద్ర ఛటర్జీ. చక్రపాణి అనువాదాల పుణ్యమా అని శరత్‌బాబును తమ రచయితగానే భావించుకున్న తెలుగు పాఠకులకు, ఆయన అచ్చయిన తొలి కథ వెనుక ఒక తలనూనె వ్యాపారి ఉన్నాడన్న సంగతి ఆసక్తి కలిగించక మానదు. ఠాగూర్ సైతం ఈ వరుసలో కర్మఫల్ అనే రచన ఇచ్చాడు. వీటిని అచ్చువేసేందుకు హేమేంద్రుడు కుంతలీన్ ప్రెస్ పేరుతో సొంత ముద్రణాలయమే పెట్టుకున్నాడు.

మన వైపున దీనికి సాటి చెప్పాలంటే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులును తలచుకోవాలి. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారుచేసి, ఆ ఆదాయంతో 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిన పంతులుగారు, నూనె లాభాలతో కథలకు బహుమతులిచ్చిన బోసుబాబు సమకాలికులు. తలనొప్పి మందు పత్రికను పోషించింది, తలనూనె సాహిత్యాన్ని పోషించింది. ఈ తరానికి స్వదేశీ అన్నది ముందుగా అంగడి వ్యవహారం. సభల్లో నినాదమైనది ఆ తరువాతే.

హేమేంద్రుని కుతూహలానికి హద్దు లేదు. సైకిళ్ల వ్యాపారం పెట్టి, ఆ వాహనాన్ని నడపడం జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్, నీలరతన్ సర్కార్ వంటి పెద్దలకు స్వయంగా నేర్పాడు. మోటారు కారు కొని నడిపిన తొలి బెంగాలీల్లో ఒకడయ్యాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఆటోక్రోమ్ పలకలపై రంగుల ఛాయాచిత్రాలు తీశాడు. ఆయన భార్య మృణాళిని, చిత్రకారుడూ ముద్రణ నిపుణుడూ అయిన ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి సోదరి. అంటే సుకుమార్ రాయ్‌కి ఆయన మేనత్త భర్త, సత్యజిత్ రాయ్‌కి తాతల వరుస. ఆ రెండు ఇళ్లలోనూ కొత్త యంత్రం ఏది వచ్చినా విప్పి చూడనిదే ఊరుకునేవారు కారని అనుకోవచ్చు.

ఇన్ని పనుల్లో ఆయన పేరును చరిత్రలో నిలిపినది ధ్వనిముద్రణ. దాన్ని అర్థం చేసుకోవాలంటే అప్పటి మార్కెట్టును కొంచెం చూడాలి.

1902లో లండన్ గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ధ్వనిముద్రకుడు కలకత్తాకు వచ్చాడు. గౌహర్ జాన్ మొదలైనవారి పాటలు రికార్డు చేశాడు. బాకా ముందు గొంతెత్తి పాడి, చివర తన పేరును తానే ఇంగ్లీషులో ప్రకటించే గౌహర్ జాన్ అలవాటుకు కారణం కేవలం ఆడంబరం కాదు. ఆ మైనపు మాతృకలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్‌కు వెళ్లేవి. అక్కడి కార్మికులకు ఏ పాట ఎవరిదో తెలియాలంటే పేరు వినిపించక తప్పేది కాదు. అక్కడ అచ్చయిన పళ్లేలు నెలల తరువాత తిరిగి కలకత్తా బజారుకు వచ్చేవి. పాట ఇక్కడిది, గొంతు ఇక్కడిది, కొనే డబ్బు ఇక్కడిది. మధ్యలో ఉన్న కర్మాగారమూ లాభమూ మాత్రం సముద్రానికి ఆవల. దక్షిణాన కూడా ఇదే పద్ధతి. కొద్ది ఏళ్లలోనే విదేశీ ధ్వనిముద్రకులు మద్రాసు చేరి, సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి వంటి గాయనుల గొంతులను ఇలాగే పట్టుకువెళ్లారు. త్యాగరాజ కీర్తనల తెలుగు మాటలు యంత్రంలోకి ఎక్కిన తొలి సందర్భాలు ఆ కాలానివే.

పళ్లెం తయారీకి పెద్ద కర్మాగారం కావాలి. లోహపు అచ్చులు కావాలి, ఆవిరి ఒత్తుడు యంత్రాలు కావాలి. ఒక కలకత్తా వ్యాపారి వాటితో పోటీపడలేడు. అయితే అప్పటికి ఇంకొక మార్గం ఉంది. ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌లో పాట పళ్లెం మీద కాక, గుండ్రని మైనపు సిలిండర్ మీద నమోదవుతుంది. గ్రామఫోన్ పళ్లెం యంత్రం పాటను వినిపించగలదు గాని పట్టుకోలేదు. ఫోనోగ్రాఫ్ రెండూ చేస్తుంది. బాకాలో పాడితే పలుచని పొర కంపిస్తుంది, దానికి తగిలించిన సూది తిరుగుతున్న మైనాన్ని గాడిగా చెక్కుతుంది. అదే గాడి మీద మరో సూదిని నడిపితే పాట తిరిగి పలుకుతుంది. విద్యుత్తుతో పని లేదు. గడియారానికి తాళం తిప్పినట్టు తిప్పితే చాలు. పాట నిడివి సుమారు రెండు నిమిషాలు. రాగాలాపన సంగతి దేవుడెరుగు, పల్లవి దాటి చరణంలోకి వెళ్లేసరికే సమయం అయిపోతుంది.

ఈ యంత్రాన్ని హేమేంద్రుడు 1900 ప్రాంతంలోనే కొన్నాడు. మొదట మిత్రుల గొంతులు, బంధువుల పాటలు సరదాగా పట్టేవాడు. ఇంటికి వచ్చే అతిథుల్లో ఠాగూర్ ఉన్నప్పుడు, ద్విజేంద్రలాల్ రాయ్ ఉన్నప్పుడు, సరదా ఎంతోకాలం సరదాగా మిగలదు. 1906 నాటికి ఆయన ధర్మతల వీధిలోని మార్బుల్ హౌస్‌లో టాకింగ్ మెషీన్ హాల్ పేరిట దుకాణం, ధ్వనిముద్రణ శాల నడుపుతూ, హెచ్. బోస్ రికార్డ్స్ అన్న పేరుతో సిలిండర్లను అమ్మకానికి పెట్టాడు. ఆ వీధి పేరు ఇప్పుడు లెనిన్ సరణి.

కాలం కూడా కలిసివచ్చింది. 1905 అక్టోబరు 16న లార్డ్ కర్జన్ నిర్ణయం మేరకు బెంగాల్ రెండు ముక్కలైంది. ఆ రోజు కలకత్తాలో పొయ్యిలు రాజుకోలేదు. జనం గంగలో మునిగి, ఒకరి చేతికొకరు రాఖీలు కట్టుకుని, పాటలు పాడుతూ వీధుల్లో నడిచారు. ఆ ఊరేగింపులకు ముందు నడిచినవాడు ఠాగూర్. అదే సాయంత్రం సమైక్య బెంగాల్ ప్రతీకగా తలపెట్టిన ఫెడరేషన్ హాల్ శంకుస్థాపనకు, మంచం పట్టి ఉన్న ఆనందమోహన్ బోసును కుర్చీలో మోసుకువచ్చారు. అది ఆయన చివరి బహిరంగ సభ. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు. హేమేంద్రుని రికార్డుల వ్యాపారానికీ ఆ ఇంటి రాజకీయాలకూ నడుమ గోడ లేదు.

ఆ నెలల్లో ఠాగూర్ వరుసగా దేశభక్తి గీతాలు రచించాడు. వాటిలో ఒకటి ఆ తరువాత స్వతంత్ర బంగ్లాదేశ్ జాతీయ గీతమైంది. సభలో పాడిన పాట సభ ముగిస్తే గాలిలో కలిసిపోతుంది. పత్రికలో అచ్చయిన పాటకు బాణీ ఉండదు. హేమేంద్రుడు ఆ గీతాలలో కొన్నింటిని కవి గొంతుతోనే మైనంపైకి ఎక్కించాడు. బంకించంద్రుని వందేమాతరాన్ని కూడా ఠాగూర్ చేత పాడించాడు. 1896 కలకత్తా కాంగ్రెస్ సభలో ఆ గీతాన్ని పాడిన గొంతే అది. కలకత్తాకు దూరంగా ఉన్న పట్టణాల గృహస్థుల ముంగిట్లోకి కూడా ఉద్యమం బాకా గుండా ప్రవేశించే వీలు కలిగింది.

ఆ గీతానికి అప్పుడున్న ప్రమాదాన్ని మరచిపోరాదు. తూర్పు బెంగాల్ ప్రభుత్వం బహిరంగంగా వందేమాతర నినాదాన్ని నిషేధించింది. 1906 ఏప్రిల్‌లో బారిసాల్ సభకు తరలిన ప్రతినిధులపై పోలీసులు లాఠీలు ఝళిపించి సభను చెదరగొట్టారు. నినాదం ఇస్తేనే దెబ్బలు తినే రోజుల్లో, ఆ గీతాన్ని పట్టికలో చేర్చి ధర కట్టి అమ్మడానికి వ్యాపారికి గుండె ధైర్యం కావాలి. నూనెతో, అత్తరుతో, సైకిళ్లతో స్థిరపడిన దుకాణదారు పోగొట్టుకోవడానికి చాలా ఉన్నవాడు. ఖాళీ చేతుల ఉద్యమకారుని సాహసం వేరు, నిండు అంగడి గలవాని సాహసం వేరు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. హెచ్. బోస్ రికార్డులు స్వదేశీ సరుకుగా పేరుపొందాయి. ధ్వనిముద్రణ ఇక్కడే, పేరు ఇక్కడిదే, పెట్టుబడి ఇక్కడిదే. కానీ ఆ సిలిండర్‌ను వినిపించే యంత్రం అమెరికాది లేదా ఫ్రాన్సుది. మాంచెస్టర్ వస్త్రాన్ని తగలబెట్టమన్న పాటను వినాలంటే పారిస్ యంత్రానికి తాళం తిప్పాలి. హేమేంద్రుడు ఫ్రాన్సుకు చెందిన పాథే సంస్థతో సంబంధం పెట్టుకున్నది ఇందుకే. బహిష్కరణ ప్రధానంగా బ్రిటిష్ సరుకుపై గనుక ఫ్రెంచి యంత్రం అంత అభ్యంతరకరం కాలేదు. అయినా ఈ వైరుధ్యం ఆయన సంస్థకు పుట్టుకతోనే అంటుకున్నది, దాని అంతానికి కూడా ఇదే ఒక కారణమైంది.

ఈ కథలో ఖరగ్‌పూర్ ప్రసక్తి లేకపోలేదు. 1900 నాటికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను ఇటు తూర్పు తీరం వెంబడి వాల్తేరుతో కలిసింది. అదే ఏడాది రాజమండ్రి వద్ద గోదావరిపై వంతెన పూర్తయింది. కలకత్తా నుంచి మద్రాసు వరకు రైలు ప్రయాణం సాఫీ అయినది అప్పుడే. ఖరగ్‌పూర్ జంక్షన్ ఆ మార్గంలో ప్రధాన కూడలి. రైల్వే వర్క్‌షాపు పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలతో ఇక్కడ తెలుగు వాడలు పెరిగాయి. తెలుగువారు పనికోసం ఉత్తరానికి ఎక్కిన పట్టాల మీదనే స్వదేశీ వార్త దక్షిణానికి దిగింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, విజయవాడ, మచిలీపట్నాలలో చేసిన ఉపన్యాసాలతో ఆంధ్రదేశం ఉర్రూతలూగింది. రాజమండ్రి కళాశాలలో వందేమాతరం బిళ్లలు ధరించిన విద్యార్థులపై క్రమశిక్షణ చర్యలు తీసుకున్నారు. వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. కలకత్తాలో ఠాగూర్ మైనంపై పాడిన గీతం పేరే ఆంధ్రదేశంలో ఒక ఉద్యమానికి పేరయింది. మచిలీపట్నంలో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల ఆ ఊపు నుంచే పుట్టింది.

మళ్లీ ధర్మతల వీధికి వద్దాం. మైనపు సిలిండర్‌కు రెండు శత్రువులున్నాయి. ఒకటి వాతావరణం. బెంగాల్ ఎండకు మైనం మెత్తబడుతుంది, వానాకాలపు తేమకు బూజు పడుతుంది. అది పట్టిన సిలిండర్‌పై గాడి మాసిపోయి, పాట స్థానంలో బరబర శబ్దం మిగులుతుంది. చేతి నుంచి జారితే చాలు, ముక్కలు. పైగా ఎన్నిసార్లు వింటే అంతగా అరిగిపోతుంది. ఎక్కువ ప్రేమించిన పాట ముందుగా నశిస్తుందన్నమాట. రెండవ శత్రువు పళ్లెం. చదునైన పళ్లేలను ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు, ఓడలో పంపవచ్చు, ఒకే అచ్చు నుంచి వేల కొద్దీ తీయవచ్చు.

కాలం ఎటు నడుస్తున్నదో హేమేంద్రుడు చూడకపోలేదు. తన సిలిండర్లలోని పాటలను పాథే సంస్థ ద్వారా పళ్లేలపైకి మార్పించాడు. పాథే, హెచ్. బోస్ అన్న జంట పేర్లతో అవి బజారుకు వచ్చాయి. వాటి పద్ధతి మిగతా కంపెనీల పళ్లేలకు భిన్నం. మామూలు గ్రామఫోన్ సూది గాడిలో అటూ ఇటూ ఊగుతుంది. పాథే పళ్లెంలో నీలమణి మొన పైకీ కిందికీ కదులుతుంది. పాట అంచు నుంచి కాక నడుమ నుంచి మొదలై వెలుపలికి నడుస్తుంది. ఈ ప్రత్యేకత వినడానికి ముచ్చటగానే ఉంటుంది గాని, వ్యాపారంలో అది ఉరితాడు. ఇంట్లో దేవదూత గుర్తు పళ్లేలు వాయించే యంత్రం ఉన్నవాడు ఈ పళ్లెం వినాలంటే మరో యంత్రమో, మరో పరికరమో కొనాలి.

ఇంతలో 1908లో గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలోనే సియాల్దా వద్ద కర్మాగారం తెరిచింది. హానోవర్ ప్రయాణం తప్పింది. పళ్లెం త్వరగా, చౌకగా, స్థానిక కార్మికుల చేతుల మీదుగా తయారు కాసాగింది. చిత్రమేమిటంటే, ఇక్కడే తయారైన రికార్డు అన్న గర్వం ఇప్పుడు విదేశీ కంపెనీ చేతికి చిక్కింది. స్వదేశీ వ్యాపారి రికార్డులు ఐరోపాలో అచ్చవుతున్నాయి, బ్రిటిష్ కంపెనీ రికార్డులు కలకత్తాలో అచ్చవుతున్నాయి. కొనేవాడు ఈ తర్కాన్ని పట్టించుకోడు, ధర చూస్తాడు.

రాజకీయంగానూ గాలి తిరిగింది. 1908 తరువాత అణచివేత తీవ్రమైంది. స్వదేశీ గీతాలున్న సిలిండర్లను పోలీసులు స్వాధీనం చేసుకుని ధ్వంసం చేశారని చెబుతారు. పోలీసు చేయిని తప్పించుకున్నవి బెంగాల్ తేమకు చిక్కాయి. 1910వ దశకం తొలి సంవత్సరాలకు హెచ్. బోస్ రికార్డుల వ్యాపారం సద్దుమణిగింది. బెంగాల్ విభజన 1911లో రద్దయింది. పాటలు గెలిచాయి, వాటిని అమ్మిన దుకాణం మాత్రం నిలవలేదు.

హెచ్. బోస్ కథకు ప్రపంచంలో తోబుట్టువులున్నాయి. 1921లో న్యూయార్క్‌లో హ్యారీ పేస్ అనే నల్లజాతి వ్యాపారి బ్లాక్ స్వాన్ అనే రికార్డు సంస్థను స్థాపించాడు. తెల్లవారి కంపెనీలు నల్లవారి పాటతో సొమ్ము చేసుకుంటున్నప్పుడు ఆ సొమ్ము, ఆ గౌరవం తమవారికే దక్కాలన్నది ఆయన సంకల్పం. ఎథెల్ వాటర్స్ పాటలతో సంచలనం సృష్టించిన ఆ సంస్థ మూడేళ్లు తిరగకుండానే పెద్ద కంపెనీ చేతిలోకి వెళ్లిపోయింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత రిథమ్ అండ్ బ్లూస్ అని పేరుపడిన సంగీతాన్ని లోకానికి అందించినవి కూడా ఇటువంటి చిన్న సంస్థలే. షికాగోలోని చెస్, మెంఫిస్‌లోని సన్ వంటివి ఇరుకు గదుల్లో, అప్పు తెచ్చిన పరికరాలతో, పెద్ద కంపెనీలు చెవిన పెట్టని గొంతులను పట్టుకున్నాయి. పంపిణీ దగ్గర, ధర దగ్గర చతికిలబడడం వీటిలో చాలావాటికి రాసిపెట్టి ఉంది. బోసుబాబు ఆ కష్టాన్ని వారికంటే ఎన్నో ఏళ్ల ముందే, పైన పోలీసు నిఘాతో సహా, అనుభవించాడు.

హేమేంద్రమోహన్ బోస్ 1916లో కలకత్తాలో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది, అంతే. వెనుక పద్నాలుగుమంది సంతానం. వారి జీవితాలు చూస్తే తండ్రి దుకాణంలోని సరుకు పంచుకున్నట్టే ఉంటుంది. కుమార్తె మాలతీ ఘోషాల్ రవీంద్ర సంగీతంలో పేరెన్నికగన్న గాయని. కార్తీక్, గణేశ్ క్రికెట్ ఆటగాళ్లయ్యారు. కెమెరాలతో ఆడుకుంటూ పెరిగిన నితిన్ చలనచిత్ర ఛాయాగ్రాహకుడు, దర్శకుడు అయ్యాడు. ముకుల్ శబ్దగ్రాహకుడయ్యాడు.

తండ్రి ఆశయం వ్యాపారంగా కూడా తిరిగి చిగురించింది. 1932లో కలకత్తాలో చండీచరణ్ సాహా నెలకొల్పిన హిందుస్థాన్ సంస్థ తన మొదటి రికార్డుకు ఠాగూర్ గొంతునే ఎంచుకుంది. ఆ ఏడాదే కుందన్‌లాల్ సైగల్‌ను కూడా లోకానికి పరిచయం చేసింది. అప్పటికి విద్యుత్ మైక్రోఫోన్లు వచ్చాయి. గాయకుడు బాకాలోకి అరవనక్కరలేదు. అయితే ఆ రికార్డులోని కవి డెబ్బై దాటిన వృద్ధుడు. నలభైల్లో ఉన్న ఠాగూర్, ఊరేగింపుల ముందు నడిచిన ఠాగూర్ ఎలా పాడేవాడో వినాలంటే నేటికీ పాథే, హెచ్. బోస్ పళ్లెంపై మిగిలిన వందేమాతరమే దిక్కు. గీతల చప్పుడు వెనుక నుంచి, సన్నగా, ఎత్తైన శ్రుతిలో ఆ గొంతు వినిపిస్తుంది. మీసగడ్డాల గంభీరమూర్తిని ఊహించుకుని వినేవారు తొలిసారి కొంత ఉలిక్కిపడతారు.

ముకుల్, నితిన్ సోదరులు కలకత్తాలోని న్యూ థియేటర్స్‌లో పనిచేశారు. 1935లో నితిన్ బోస్ దర్శకత్వంలో భాగ్యచక్ర అనే బెంగాలీ చిత్రం, దాని హిందీ రూపం ధూప్ ఛావోఁ తయారయ్యాయి. అంతకుముందు నటులు కెమెరా ముందే, వాద్యకారులను చెట్టు చాటునో తెర వెనుకనో దాచిపెట్టి పాడవలసి వచ్చేది. ఈ చిత్రంలో పాటను ముందుగా విడిగా ధ్వనిముద్రణ చేసి, ఆ తరువాత దృశ్యానికి జతచేశారు. భారతీయ సినిమాలో నేపథ్యగానానికి అది ఆరంభం. కొద్దికాలంలోనే మద్రాసు చిత్రశాలలూ, తెలుగు సినిమా పాటా అదే దారి పట్టాయి. 1977 సంవత్సరానికి నితిన్ బోస్‌కు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం లభించింది.

ఆ చిత్రానికి శబ్దగ్రహణం ముకుల్ బోస్‌ది. సంగీతం రాయ్‌చంద్ బోరాల్‌ది. గ్రామఫోన్ కంపెనీ తొలినాళ్లలో కలకత్తాను ఊపిన గాయకుడు లాల్‌చంద్ బోరాల్ కుమారుడే ఈ రాయ్‌చంద్. తండ్రుల కాలంలో ఒకరు కంపెనీ బాకా ముందు పాడారు, మరొకరు కంపెనీకి ఎదురుగా దుకాణం తెరిచారు. ముప్పై ఏళ్లు గడిచేసరికి కొడుకులు ఒకే గదిలో, ఒకే మైక్రోఫోన్ చుట్టూ చేరి పనిచేస్తున్నారు.